నడిచిపోయిన బావి

ఎల్లవ్వ బీడీలు చుట్టే తునికాకును తొడ మీద పరిచి, దాని మీద రేకు ముక్క ఆనించి, కత్తెరతో నాలుగు పక్కలా కోసింది. రేకు కింద నిలిచిన ముక్క చాటలో పడింది. బయటికి మిగిలిన అంచులు గంపలోకి పోయాయి. మళ్లీ ఇంకో ఆకు. ఆమె చేతులు చూడకుండానే కోస్తున్నాయి. కళ్లు మాత్రం ఎదురుగా అరుగు మీద కూర్చున్న ఎస్సై జమున ఒళ్లోని కాగితాన్ని వదలడం లేదు.

“పొద్దుగాల్నుంచి గా కాయితమే సూస్తున్నవు బిడ్డా. అండ్ల ఏమన్న పాము దూరిందా?”

“పామే దూరిందనిపిస్తున్నదవ్వా,” అంది జమున తల ఎత్తకుండా.

గురువారం, ఉదయం తొమ్మిదీ నలభై. సాయంత్రం నాలుగింటికి దివాకర్‌ను హత్య కేసులో జగిత్యాల కోర్టు ముందు నిలబెడతారు. ఒకసారి రిమాండుకు పోతే, సమ్మె రోజుల్లో అతని మాట వినేవాడు దొరకడు. జమునకు మిగిలింది ఆరు గంటల ఇరవై నిమిషాలు.

జరిగింది ఇదీ. మంగళవారం సాయంత్రం ఆరూ ఐదుకు రాయికల్ శివారులో, దివాకర్ బావిలో వెంకటి శవం తేలింది. వెంకటి ఒక ప్రైవేటు మ్యాపుల కంపెనీ సర్వేయరు. పసుపుపచ్చ చేతిమిషన్ పట్టుకొని ప్రతి వ్యవసాయ బావి దగ్గరా నిలబడి, ఆ చోటును ఒక చుక్కగా మిషన్‌లోకి ఎక్కించడం అతని పని. చుక్క ఎక్కించిన చోటల్లా ఒక వెదురు పుల్ల పాతి, దానికి ఎర్రగుడ్డ పేలిక కట్టేవాడు. అతని తల వెనక దెబ్బ ఉంది. ఊపిరితిత్తుల్లో నీళ్లు లేవు. ఎక్కడో చంపి, తెచ్చి బావిలో వేశారు.

దివాకర్ ఊళ్లో ఉద్యమానికి ముందుండే మనిషి. సకల జనుల సమ్మె మొదలైన నెల రోజుల్లో అతని మీద మూడు కేసులు పడ్డాయి. వారం కిందట “ఆఫీసులన్ని బందున్నయి, నీ సర్వే ఒక్కటే నడవాల్నా?” అని వెంకటిని నలుగురిలో నిలదీశాడు. అనుమానానికి అంతకంటే ఏం కావాలి?

శవాన్ని మొదట చూసిన పోలీసు జమునే. అరగంట తిరగకముందే స్పెషల్ టీం ఇన్‌స్పెక్టర్ చంద్రమౌళి జీపు దిగి కేసు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆరూ నలభైకి దివాకర్ మోటరు కొట్టంలో వెంకటి చేతిమిషన్ దొరికిందని పంచనామాలో రాయించాడు. అదే కొట్టంలోకి ఆరూ ఇరవైకి జమున టార్చి వేసి చూసింది. అప్పుడక్కడ ఒక పాత బెల్టు, నూనె డబ్బా తప్ప ఏమీ లేవు.

ఆ మాట చంద్రమౌళికి చెబితే నవ్వాడు. “చీకట్ల నీకు కనపడకపోతే మిషన్ లేనట్టేనా?” అని ఆమెను రాస్తారోకో బందోబస్తుకు పంపించాడు.

ఇప్పుడు ఆమె ఒళ్లో ఉన్నది ఆ మిషన్‌లోని చుక్కలతో తీసిన పటం. భూముల హద్దులు సన్నటి గీతలు. నడుమ చుక్కలు. ప్రతి చుక్క పక్కనా రెండు అంకెలు: చుక్క వరుస నంబరు, అది పడ్డ భూమి సర్వే నంబరు. వెంకటి వేసిన ఆఖరి చుక్క 31. సమయం మంగళవారం మధ్యాహ్నం రెండూ పది. పక్కన భూమి నంబరు 214. అది దివాకర్ భూమి. చంద్రమౌళి కేసంతా ఆ ఒక్క చుక్క మీద నిలబడి ఉంది.

జమున చూస్తున్నది మాత్రం ఆ చుక్కను కాదు. దాని పక్కన, బొటనవేలి వెడల్పు దూరంలో ఉన్న 12వ చుక్కను.

“అవ్వా, నీ బాయి దివాకర్ భూమిల ఉన్నదా?”

కత్తెర ఆగింది.

“ఏమంటివీ? నా పెనిమిటి గడ్డపారతోని తవ్విన బాయి అది! దివాకర్‌ది హద్దురాయికి అటు, నాది ఇటు. నాకు సదువు రాకుంటేంది, నా భూమి నంబరు నాకు తెల్వదా? 215. శ్రావణంల గా సచ్చిపోయిన పిలగాడే అచ్చి, మిషన్ పట్టి, తెల్లారి స్టార్టర్ డబ్బ మీద చీటి అంటిచ్చి పోయిండు. పోయి సూసుకో.”

“ఈ పటంల నీ బాయి 214ల పడ్డది.”

ఎల్లవ్వ చాట పక్కకు జరిపింది. “అంటె ఏంది? నా బాయికి కాళ్లు మొలిసినయా? లేసి నడిసి దివాకర్ ఇంటికి పోయిందా?”

“గదే అడుగుతున్న. 215 అంతా నీదేనా?”

“యాడిది? నాది ముప్పై గుంటలు. మిగిలింది రాజలింగానిది.” ఆమె గొంతు తగ్గింది. “సమ్మె షురువైనకాన్నుంచి ఆఫీసులల్ల ఎవలు లేరు గద. అడిగెటోడు లేడని మిషన్లు పెట్టి రాయి తవ్వుకున్నడు. మంగళారం పగటీలి దాటినంక ట్రాక్టర్లు అచ్చి గుంతను పూడిసి పోయినయి. ఎందుకట్ల ఉరుకులాడిండో.”

“ఎవరికి చెప్పలేదా?”

“ఎవలకు సెప్పాలె? వాళ్ల బావ పెద్ద కొలువుల ఉన్నడట. రాజలింగం జోలికి ఎవలు పోరు బిడ్డా. నువ్వు గూడ జెర పైలం.”

ఎల్లవ్వ మళ్లీ కత్తెర అందుకుంది. జమున అప్పటికే అరుగు దిగింది.

పొలం దగ్గర ఆమె నలభై నిమిషాలు గడిపింది. దివాకర్ బావి నుంచి తూర్పుకు నలభై అడుగులు వేస్తే హద్దురాయి తగిలింది. సగం మట్టిలో కూరుకుపోయి, నాచు పట్టి ఉంది. ఆ రాయిని ఈ మధ్య ఎవరూ కదిలించలేదు. రాయి దాటి ఇంకో పదిహేను అడుగులకు ఎల్లవ్వ బావి. స్టార్టర్ డబ్బా మీద చీటీ ఎండకు వెలిసిపోయింది కానీ అంకెలు తెలుస్తున్నాయి. వరుస నంబరు 12. సర్వే నంబరు 215. తేదీ ఆగస్టు ఇరవై. జమున సెల్‌ఫోనుతో ఫోటో తీసుకుంది.

నేల మీద హద్దు ఎల్లవ్వ బావికి ఇవతల ఉంది. పటంలో హద్దు గీత ఎల్లవ్వ బావికి అవతలి నుంచి పోతోంది.

పటం తిప్పి పట్టుకొని, 12వ చుక్క నుంచి 31వ చుక్క వైపు నడిచింది. పటంలో బొటనవేలు వెడల్పు నేల మీద దాదాపు ముప్పై అడుగులు. ఇరవై ఎనిమిదో అడుగుకు కాలి కింద నేల మెత్తబడింది. కొత్త మట్టి. చుట్టూ ట్రాక్టరు టైర్ల అచ్చులు. రాజలింగం పూడ్పించిన గుంత ఇదే. టైరు అచ్చులో ఏదో ఎర్రగా కనిపిస్తే కూర్చొని గోటితో గీకింది. విరిగిన వెదురు పుల్ల, దానికి ముడివేసిన ఎర్రగుడ్డ పేలిక.

వెంకటి ఆఖరిగా నిలబడింది ఇక్కడ. దొంగచాటుగా రాయి తవ్విన గుంతను కూడా మిషన్‌లోకి ఎక్కిస్తూ, దాని ఒడ్డున, రాజలింగం భూమిలో. దివాకర్ భూమిలో కాదు.

మరి పటం అబద్ధం ఎలా చెప్పింది?

మ్యాపుల కంపెనీలో పటాలు తీసే సోహైల్‌ను వెతుక్కుంటూ కోరుట్ల చేరేసరికి పన్నెండూ యాభై అయింది. దారిలో మూడు చోట్ల రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. మూడు చోట్లా జమున స్కూటీ దిగి తోసుకుంటూ వచ్చింది.

సోహైల్‌కు ఇరవై మూడేళ్లుంటాయి. కంపెనీ ఆఫీసు సమ్మెలో మూతపడ్డాక కంప్యూటరు ఇంటికి తెచ్చుకొని పని చేస్తున్నాడు. కరెంటు లేదు. ఇన్వర్టరు గుయ్యిమంటోంది. తల్లి హఫీజా బేగం జమునను చూసి కొంగు సర్దుకొని, కుర్చీ వేసి, వంటింట్లోకి వెళ్లింది.

“గీ పటం నువ్వే తీసినవా?”

“అవు మేడం.”

“చుక్క పక్కన భూమి నంబరు ఎవరు రాస్తరు?”

“ఎవలు రాయరు మేడం.” పని గురించి అడిగేసరికి అతనికి కొంచెం ధైర్యం వచ్చింది. “వేల చుక్కలుంటయి, ఒక్కొక్కటి చేత్తోని రాస్తె తప్పులు పడ్తయి. అందుకే కంప్యూటర్‌ల ఒక సూత్రం రాసిపెట్టినం. చుక్క ఏ భూమి గీతల నడుమ పడితే, గా భూమి నంబరే దానికి పేరైతది. పటం తెరిచినప్పుడల్లా అదే చూసుకొని అదే రాస్తది.”

“మనిషిని చూసి రాయదు?”

“సూత్రానికి మనిషి తెల్వదు మేడం. గీత ఒక్కటే తెలుసు.”

జమునకు ఎల్లవ్వ రేకు ముక్క గుర్తొచ్చింది. రేకు లోపల పడ్డదంతా ఒక లెక్క, బయట పడ్డదంతా ఇంకో లెక్క. ఏ ఆకు అని రేకు అడగదు.

“మంచిగ చెప్పినవు. ఇప్పుడు గిది చూడు.” ఆమె సెల్‌ఫోనులోని ఫోటో చూపించింది. “ఆగస్టుల నీ సూత్రం రాసిన చీటీ. 12వ చుక్క, 215. ఇది నిన్నటి పటం. అదే 12వ చుక్క, 214. బావి కదలదు. మరి ఏం కదిలింది?”

సోహైల్ ఫోటోను చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఫోను తిరిగి ఇచ్చేశాడు.

“నేను చెప్తా విను. ఎవరికో 31వ చుక్క 214ల పడాల్సి వచ్చింది. గీతను జరిపిన్రు. కానీ నడుమల ఎల్లవ్వ బాయి ఉన్నదన్న సంగతి మర్చిపోయిన్రు. గీతతోని అది కూడ వెంట పోయింది. అంత కష్టమెందుకు సోహైల్, ఒక్క చుక్కను జరిపితే ఐపోతుండె గద?”

“చుక్క జరగదు మేడం. మిషన్‌ల పడ్డది మిషన్‌లనే ఉంటది. రేపు కోర్టుల మిషన్ తెరిచి పోల్చి చూస్తె దొరికిపోతం.”

అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు అతనికి. పెదవి కొరుక్కున్నాడు.

“దొరికిపోతం,” అంది జమున మెల్లగా. “నువ్వు, ఇంకెవరు?”

సోహైల్ తెర వైపు తిరిగాడు.

“సరే. మిషన్‌ల నుంచి చుక్కలు కంప్యూటర్‌లకు ఎక్కిన టైం చూపియ్యి.”

సోహైల్ మీటలు నొక్కాడు. తెర మీద వరుసలు వచ్చాయి. చుక్క 31. వేసిన సమయం మంగళవారం రెండూ పది. కంప్యూటరుకు చేరిన సమయం మంగళవారం నాలుగూ ఇరవై ఐదు.

జమున పంచనామా నకలు తీసి ఆ వరుస పక్కన పెట్టింది. చేతిమిషన్ దొరికిన సమయం ఆరూ నలభై.

“శవం దొరకకముందు, మిషన్ దొరకకముందు, నాలుగూ ఇరవై ఐదుకు గీ మిషన్ నీ ఇంట్ల ఉన్నది. ఆరూ నలభైకి రాయికల్‌ల దివాకర్ కొట్టంల ఉన్నది. దీనికి కూడ కాళ్లు మొలిసినయా?”

“మేడం...” సోహైల్ వంటింటి వైపు చూశాడు. “మా అమ్మకు నేనొక్కన్నే.”

“దివాకర్ భార్య భాగ్యకు కూడ ఆయన ఒక్కడే.”

బయట జీపు ఆగిన చప్పుడైంది.

జమున కిటికీ తెర పక్కకు జరిపి చూసింది. చంద్రమౌళి జీపు. నడిపింది ఆయనే. వెనక సీటు కమ్మీకి బేడీ వేసి దివాకర్‌ను కూర్చోబెట్టాడు. పక్కన కానిస్టేబులు లేడు.

“సోహైల్ ఇల్లు ఇదేనా?” గుమ్మంలో నిలబడి కొత్త మనిషిలా అడిగాడు చంద్రమౌళి. తరవాత జమునను చూశాడు. ఒక్క రెప్పపాటు ఆయన మొహంలో ఏదో మారి, మళ్లీ సర్దుకుంది. “ఓహో, ఎస్సై గారు! నీ డ్యూటీ రాయికల్ రోడ్డు మీద గద వేసింది. కోరుట్ల దాంక రాస్తారోకో వచ్చిందా?”

“రోడ్డు మీద రాళ్లున్నయి సార్, తీసుకుంట తీసుకుంట ఇక్కడిదాంక వచ్చిన. ముద్దాయి వెంబడి కానిస్టేబుల్ ఏడి?”

“అందరు బందోబస్తుల ఉన్నరు. నువ్వు తప్ప.” ఆయన కుర్చీ లాక్కొని కూర్చున్నాడు, టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. జేబులోంచి ఒక కాగితం తీసి సోహైల్ ముందుకు తోశాడు. “గీ పటం మీ కంప్యూటర్‌ల నుంచి తీసిందే, ఎవలు చెయ్యి పెట్టలేదు అని రాసి ఉన్నది. సంతకం పెట్టు బాబు. నాలుగింటికి కోర్టు.”

సోహైల్ కలం పట్టుకున్నాడు. పట్టుకొని ఆగిపోయాడు.

“సార్, దివాకర్ మంగళవారం రెండు గంటలకు సిరిసిల్లల ఉన్నడు,” అంది జమున. “మరమగ్గాల వాళ్ల దీక్షా శిబిరంల. నేను ఫోన్ చేసి అడిగిన. పదకొండు మంది చూసిన్రు.”

“పదకొండు మంది! అందరి మీద కేసులున్నయి. ఉద్యమం పేరు చెప్పి ఒకని కోసం ఇంకొకడు ప్రమాణం చేస్తడు. నాకు మనుషుల మాటలొద్దు జమునా.” ఆయన వేలితో కంప్యూటరు తెర మీద తట్టాడు. “గిది చూడు. దీనికి జై తెలంగాణ తెల్వదు, సమైక్యం తెల్వదు. అబద్ధం చెప్పుడు అస్సలే తెల్వదు. వెంకటి ఆఖరిసారి నిలబడ్డది 214ల అని ఇదే చెప్తున్నది.”

“నిజమే సార్. దానికి అబద్ధం తెల్వదు. అందుకే ఎల్లవ్వ బాయి కూడ 214లనే ఉన్నదని చెప్తున్నది.”

“ఎవరా ఎల్లవ్వ?”

“బీడీలు చేసుకునే ముసలామె. ఆమె బాయి హద్దురాయికి అవతల, 215ల. పటంల గీత జరిగింది సార్. రాయి జరగలేదు.”

చంద్రమౌళి కుర్చీలో వెనక్కి వాలాడు. “నీకు సర్వే పని కూడ వచ్చన్నట్టు. మంచిది. రేపు పొద్దున మెమో వస్తది, డ్యూటీ వదిలి తిరిగినందుకు. దానికి జవాబు రాసుకో. సంతకం పెట్టు పోరగా!”

సోహైల్ కలం కాగితానికి ఆనింది.

వంటింట్లోంచి హఫీజా బేగం పళ్లెం పట్టుకొని వచ్చింది. మూడు గ్లాసుల చాయ్. ఒకటి జమునకు ఇచ్చింది, ఒకటి కొడుకు పక్కన పెట్టింది. మూడోది, అంచు మీద నీలం గీత ఉన్నది, చంద్రమౌళి చేతికి అందించింది.

“మీది చక్కెర లేనిది సార్. గొంతు వినంగనే గుర్తుపట్టిన. మంగళవారం మీరే చెప్పిన్రు గద షుగర్ ఉన్నదని. యాది పెట్టుకున్న.”

చంద్రమౌళి గ్లాసు పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఉంది.

జమున తన గ్లాసు మెల్లగా కింద పెట్టింది. “మంగళవారం సార్ ఏ యాల్లకు అచ్చిండమ్మా?”

“అసర్ అజాన్ అయితుండె బేటీ. నమాజుకు లేవబోతుంటె అచ్చిండు. నాలుగు దాటింది.” ఆమె అందరి మొహాలూ చూసింది. తానేమైనా తప్పు మాట్లాడిందా అన్నట్టు గొంతు తగ్గించింది. “సోహైల్ ఆఫీసుది మిషన్, సారే తెచ్చిండు గద... పసుప్పచ్చది. బురద అంటితె నేనే తుడిచి ఇచ్చిన.”

“అమ్మీ!” అన్నాడు సోహైల్.

అని, కలం బల్ల మీద పడేశాడు. ఇంక దాచడానికి ఏమీ మిగలని మనిషిలా గబగబా చెప్పేశాడు. “చుక్కను జరుపుమన్నడు మేడం. జరగదన్న. అయితె గీత జరుపుమన్నడు. పాత టిప్పన్ల, సర్కారు కొలతల కాయితంల, గట్లనే ఉన్నది, తప్పు సరిచేస్తున్నమన్నడు. వెంకటన్న చచ్చిపోయిండని నాకు తెల్వదు. అల్లా మీద ఒట్టు, తెల్వదు.”

“నీకు తెల్వదు,” అంది జమున. ఆమె చూపు చంద్రమౌళి మీద నుంచి కదలలేదు. “అప్పటికి ఊరికి కూడ తెల్వదు. ఊరికి తెలిసింది ఆరూ ఐదుకు. నాలుగూ ఇరవై ఐదుకు తెలిసినోడు ఎవరు సార్? మిషన్ పారేస్తే ఐపోతుండె. కానీ దివాకర్‌ను ఇరికియ్యాలన్న ఆశ పుట్టింది. రాజలింగం మీకేమైతడు సార్? మీరు ఆయనకు బావనా?”

చంద్రమౌళికి కోపం రాలేదు. అదే జమునను భయపెట్టింది. కోపం వస్తే మనిషి అరుస్తాడు, బెదిరిస్తాడు, ఇంకా బేరానికి ఉన్నాడని తెలుస్తుంది. ఈయన కళ్లు మాత్రం గోడ మీది గడియారానికి పోయి, అక్కడి నుంచి కిటికీకి పోయాయి. కిటికీ అవతల, జీపు వెనక సీట్లో, దివాకర్ ఎండకు కళ్లు చిట్లించుకొని కూర్చున్నాడు.

ఒంటిగంటా ఇరవై. జగిత్యాల ముప్పావుగంట దారి. కోర్టు నాలుగింటికి. మధ్యలో మిగిలే రెండు గంటల కాలానికి లెక్క అడిగేవాడు ఎవడూ లేడు. పారిపోబోతే కాల్చాను అని రాయడానికి పంచనామాలో రెండు లైన్లు చాలు. ముద్దాయే లేకపోతే కోర్టు ఏ పటమూ తెరవదు, ఏ గీతా చూడదు.

ఆ లెక్క జమున మనసులో పూర్తయ్యేసరికి ఆయన లేచాడు. ముట్టని చాయ్ గ్లాసును సంతకం లేని కాగితం మీద పెట్టాడు. టోపీ అందుకున్నాడు. జీపు తాళంచెవి పిడికిట్లో బిగించి, హఫీజా బేగం పక్క నుంచి, గడప దాటి దివాకర్ ఉన్న జీపు వైపు వెళ్లిపోయాడు.